పోరాటం ముందు, పరిశోధన వెనుక: హైదరాబాద్ పల్లెల్లో అసమానతల అధ్యయనానికి దాదాపు వందేళ్లు

హైదరాబాద్ నుంచి విజయవాడ దారి పట్టి హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటితే అబ్దుల్లాపూర్‌మెట్ వస్తుంది. 2016 జిల్లాల పునర్విభజనలో మండల కేంద్రమైన ఊరు ఇది. ఒక దిక్కున ఔటర్ రింగ్ రోడ్డు, మరో దిక్కున రామోజీ ఫిల్మ్ సిటీ, దక్షిణాన ఇబ్రహీంపట్నం చెరువు. చెలకలన్నీ ప్లాట్లవుతున్న ఈ నేలకు ఇక్కడివాళ్లకే అంతగా తెలియని ఒక చరిత్ర ఉంది. పేదరికం తరం నుంచి తరానికి ఎట్లా సాగుతుంది, కరువులో పేద ఇల్లు ఎట్లా గట్టెక్కుతుంది, సర్కారు పథకం గడప దాకా చేరుతుందా అనే ప్రశ్నలకు లండన్, ఆక్స్‌ఫర్డ్, షికాగో విశ్వవిద్యాలయాలు రాసుకున్న జవాబుల్లో కొన్ని ఈ జిల్లా ఊళ్ల నుంచీ, చుట్టుపక్కల జిల్లాల నుంచీ పోయినవే.

ఈ చరిత్రను మొదటి నుంచీ వరసగా చూస్తే రెండు సంగతులు తేటపడతాయి. న్యాయం గురించిన పెద్ద ప్రశ్నలను చాలాసార్లు జనమే ముందు లేవదీశారు, విశ్వవిద్యాలయం వాళ్ల వెనుక నడిచింది. వెనుక నడిచినా, ఊళ్లో నిలిచి మళ్లీ మళ్లీ అదే గడపకు వచ్చిన పరిశోధనకే నిజం దొరికింది. వచ్చి లెక్కలు రాసుకుని వెళ్లిపోయిన పరిశోధనకు ఆ లెక్కలే మిగిలాయి.

నిజాం కాలపు లెక్కలు

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. ఊళ్ల బతుకును శాస్త్రీయంగా లెక్కగట్టే పని ఆ తరువాత పదేళ్లకు హైదరాబాద్ రాజ్యంలో అడుగుపెట్టింది. నిజాం కాలేజీలో అర్థశాస్త్ర ఆచార్యుడు ఎస్. కేశవ అయ్యంగార్ 1929–30లో రాజ్యమంతటా కొన్ని ఊళ్లను ఎంచుకుని భూమి, అప్పు, పంట, కూలి వివరాలు సేకరించారు. ఆ సంపుటాల్లో ఒక ధోరణి స్పష్టంగా కనబడుతుంది. సాగు చేసేవాడి చేతి నుంచి భూమి అప్పిచ్చిన సాహుకారు చేతికి జారిపోతున్నది. 1949–51లో ఆయనే మళ్లీ గ్రామీణ విచారణ జరిపారు. ఇరవై ఏళ్ల ఎడంతో ఒకే పరిశోధకుడు రెండుసార్లు చూడటం వల్ల మార్పును కొలవడం సాధ్యమైంది.

అయితే ఆ తొలి విచారణ అప్పును కొలిచినంత శ్రద్ధగా వెట్టిని కొలవలేదు. దేశ్‌ముఖులు, పటేల్ పట్వారీల అధికారం ముందు ఊరు నోరు విప్పలేని రోజులవి. ఆ నోరు విప్పించింది పోరాటాలే.

ఆదిలాబాద్ అడవుల్లో కొమురం భీం 1940లో జోడేఘాట్ దగ్గర నేలకొరిగిన తరువాతే నిజాం సర్కారు గోండుల భూమి గోస తెలుసుకోవాలనుకుంది. ఆ పని ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌కు అప్పగించింది. అప్పటికే ఆయన నల్లమల చెంచులతో ఉండి వచ్చారు, వాళ్లపై రాసిన పుస్తకం 1943లో వెలువడింది. గోండుల మధ్య మార్లవాయిలో మకాం పెట్టి ఉపాధ్యాయ శిక్షణ కేంద్రానికి పాదు వేశారు, భూములకు పట్టాలిప్పించడానికి పూనుకున్నారు. తరువాత లండన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనా ఈ అడవులను మరిచిపోలేదు. 1970ల చివర్లో తిరిగివచ్చి, తాము ఇప్పించిన భూముల్లో ఎన్నో మళ్లీ అన్యాక్రాంతమైన తీరును కళ్లారా చూశారు. 1982లో వచ్చిన ఆయన పుస్తకం ఆ బాధను దాచుకోలేదు. మొదటిసారి వచ్చినప్పుడు ఆయన చూసింది ఒక సమాజాన్ని. తిరిగి వచ్చినప్పుడు ఒక అన్యాయం ఎట్లా పనిచేస్తుందో చూశారు.

పోచంపల్లి నుంచి శామీర్‌పేట దాకా

1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం దున్నేవాడికే భూమి అన్న మాటను ఊరూరికీ చేర్చింది. 1949లో జాగీర్దారీ రద్దయింది. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 18న, అబ్దుల్లాపూర్‌మెట్‌కు దగ్గర్లోనే ఉన్న పోచంపల్లిలో, హరిజనవాడ ప్రజలు తమకు భూమి కావాలని వినోబా భావేను అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిచ్చారు, భూదానోద్యమం మొదలైంది. ఒకే నేల మీద భూమి ప్రశ్నకు పోరాటం, చట్టం, దానం అనే మూడు జవాబులు ఐదారేళ్లలో వచ్చాయి. అందులో ఏది నిలిచిందో చూడవలసిన పని విశ్వవిద్యాలయానికి మిగిలింది.

ఆ పనిని ఉస్మానియా అర్థశాస్త్రవేత్త ఎ.ఎం. ఖుస్రో తలకెత్తుకున్నారు. జాగీర్దారీ రద్దు, భూసంస్కరణల ఫలితాలపై ఆయన గ్రంథం 1958లో వచ్చింది. చట్టం రక్షిత కౌలుదారులుగా గుర్తించినవాళ్లు కొద్ది ఏళ్లకే పెద్ద సంఖ్యలో భూమి వదలవలసి వచ్చిందని ఆయన సర్వే చూపింది. చట్ట ప్రకారం తొలగించినవాళ్లు కొద్దిమందే. బలవంతంగా వెళ్లగొట్టినవాళ్లు, ఇష్టపూర్వకంగా వదులుకున్నట్టు కాగితాల్లోకెక్కినవాళ్లు వాళ్లకు ఎన్నో రెట్లు. కాగితం మీది హక్కుకూ, చేను మీది హక్కుకూ మధ్య దూరాన్ని ఈ ప్రాంతంలో లెక్కలతో నిరూపించిన మొదటి పెద్ద పని అది. రంగారెడ్డి జిల్లాలో, రక్షిత కౌలుదారులకు యాజమాన్య హక్కు ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ల తగాదాలు నేటికీ కోర్టుల్లో నలుగుతున్నాయంటే ఖుస్రో ఎత్తిచూపిన దూరం ఇంకా తరగలేదన్నమాట.

అదే రోజుల్లో ఉస్మానియా నుంచే ఎస్.సి. దూబే హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న శామీర్‌పేటకు ఒక బృందంతో వెళ్లారు. 1951–52లో సాగిన ఆ పనిలో మానవ శాస్త్రంతో పాటు వైద్యం, వ్యవసాయం, పశువైద్యం వంటి శాఖలవాళ్లూ ఉన్నారు. వైద్యుడు మందులిచ్చాడు, వ్యవసాయ విద్యార్థి పంటల గురించి మాట్లాడాడు, సామాజిక శాస్త్రవేత్త కులాల వరసనూ ఇంటి బతుకునూ రాసుకున్నాడు. 1955లో వచ్చిన ఆ గ్రామ అధ్యయనం భారతీయ పల్లెను ప్రపంచ విశ్వవిద్యాలయాల పాఠాల్లోకి తీసుకెళ్లింది. సేవ, అధ్యయనం జంటగా నడిచిన ఆ పద్ధతిని తరువాతి పరిశోధకులు చాలామంది విడిచిపెట్టడం మనకు నష్టం.

ఔరేపల్లి లెక్కల పుస్తకం

1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వెలసింది. హరిత విప్లవం నీళ్లున్న నేలలకే అక్కరకు వచ్చింది, మెట్ట రైతుకు ఏం చేయాలన్నది దాని ముందున్న ప్రశ్న. మెట్ట రైతు కొత్త విత్తనాన్ని ఎందుకు వెంటనే అందుకోడో తెలియాలంటే అతని ఇంటి లెక్కంతా తెలియాలని అక్కడి అర్థశాస్త్రవేత్తలు భావించారు. 1975లో పాలమూరు జిల్లా నుంచి ఔరేపల్లి, దోకూరు, మహారాష్ట్ర నుంచి నాలుగు ఊళ్లను ఎంచుకున్నారు. మాడ్గుల మండలంలోని ఔరేపల్లి ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలోనే ఉంది. ఊరికి నలభై ఇళ్లు: పది కూలి ఇళ్లు, తక్కినవి చిన్న, మధ్య, పెద్ద రైతుల ఇళ్లు. పరిశోధన సహాయకులు ఊళ్లోనే కాపురముండి కొన్ని వారాలకోసారి ఇంటింటికీ వెళ్లి పంట, కూలి, అప్పు, తిండి, పశువు, పెళ్లి ఖర్చు అన్నీ రాసుకున్నారు. తొలి విడత పదేళ్లు సాగింది.

జొన్న, సజ్జ, ఆముదం పండే ఎర్ర చెలకల ఊరు, గీత కార్మికులు ఎక్కువగా ఉన్న ఊరు, అట్లా ప్రపంచ అర్థశాస్త్రంలో ఒక పేరైంది. హాన్స్ బిన్స్‌వాంగర్ ఈ ఊళ్ల రైతులతో నిజమైన డబ్బు పెట్టి బొమ్మా బొరుసా ఆడించి, ముప్పును ఎవరు ఎంత భరిస్తారో కొలిచారు. పందెం పెద్దదయ్యేకొద్దీ ధనిక రైతూ పేద రైతూ ఇంచుమించు ఒకే తీరుగా జాగ్రత్తపడ్డారని 1980లో రాశారు. అంటే పేదవాడు కొత్తదానికి జంకేది స్వభావం వల్ల కాదు, ఓడిపోతే నిలదొక్కుకునే అండ లేకపోవడం వల్ల. పేదలకు తెలివి తక్కువ, తెగువ తక్కువ అనే పాత నిందకు అది గట్టి సమాధానం.

షికాగో విశ్వవిద్యాలయంలో ఉన్న రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఇవే లెక్కలతో ఇంకో ప్రశ్న వేశారు. ఒక ఇంటి పంట పోతే ఆ ఇంటి తిండి కూడా అంతే తగ్గుతుందా? అంతగా తగ్గడం లేదని తేలింది. అప్పు, చేబదులు, చుట్టాల సాయం, గాదెలోని గింజలు దెబ్బను చాలావరకు కాచుకుంటున్నాయి. కాకపోతే భూమిలేనివాళ్లకు ఆ కాపు తక్కువని ఆయన పరిశీలించిన మూడు ఊళ్లలో ఒకచోట ఆధారం దొరికింది. ఊరంతటికీ కరువొస్తే ఒకరికొకరు ఇచ్చుకునేది కూడా ఏమీ ఉండదు.

ఈ బృందంలోనే పనిచేసిన ఎన్.ఎస్. జోధా పేదల బతుకులో ఉమ్మడి భూముల పాత్రను వెలికితీశారు. గైరాన్లు, అడవి అంచులు, చెరువు శిఖాలు పట్టాభూములైపోయేకొద్దీ మేకలు కాచుకునేవాడు, కట్టెలేరుకునే ఆడమనిషి దేన్ని కోల్పోతున్నారో ఆయన 1986 వ్యాసం దేశానికి చెప్పింది. ఇప్పుడు ఔటర్ చుట్టూ మాయమవుతున్న గైరాన్లను చూస్తే ఆ వ్యాసాన్ని మళ్లీ చదవాలనిపిస్తుంది.

కానీ ఔరేపల్లి లెక్కల పుస్తకానికి ఒక పరిమితి ఉంది. కూలి ఎంతో రాసింది, ఆడ కూలికీ మగ కూలికీ ఉన్న పెద్ద తేడానూ రాసింది. ఆ కూలి అంతే ఎందుకుందో, దాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారో గట్టిగా అడిగింది మాత్రం బయటివాళ్లు.

ఇబ్రహీంపట్నం అడిగింది

ఆ అడిగినవాళ్లు ఇబ్రహీంపట్నం తాలూకా దళిత కూలీలు. 1976లోనే వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చినా 1980ల్లో నగరానికి కూతవేటు దూరంలో జీతగాళ్ల బతుకులు మారలేదు. తీసుకున్న కొద్దిపాటి అప్పుకు ఏళ్లకేళ్లు దొర ఇంట్లో పనిచేయాల్సిందే. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ స్థాపకుల్లో ఒకరైన గీతా రామస్వామి 1980ల మధ్యలో ఇక్కడికి వచ్చి వ్యవసాయ కూలీల సంఘంతో కలిసి పనిచేశారు. జీతగాళ్ల విడుదల, కనీస కూలి, పేదలకు రావలసిన భూములు – ఈ మూడింటి మీద సంఘం తహసీల్ నుంచి కోర్టు దాకా కొట్లాడింది. దాడులు, కేసులు ఎదుర్కొంది. పహాణీలో ఎవరి పేరుందో, ఏ చట్టం కింద ఎవరికి హక్కు ఉందో కూలీలు తామే నేర్చుకున్నారు. రికార్డులు తీయించడం, సాక్ష్యాలు పోగుచేయడం, పాత సేత్వారును కొత్త పహాణీతో పోల్చడం – పట్టా ఉన్న పరిశోధకుడు చేసే పనినే వాళ్లు తమ భూమి కోసం చేశారు. ఆ అనుభవాలను గీతా రామస్వామి 2022లో పుస్తకంగా రాశారు.

ఆ దశాబ్దంలోనే హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన సాయుధ పోరాటంలో పాల్గొన్న మహిళలను కలిసి, వాళ్ల మాటల్లోనే ‘మనకు తెలియని మన చరిత్ర’ను వెలువరించింది. 1985లో అన్వేషి స్త్రీల అధ్యయన కేంద్రం ఏర్పడింది. విశ్వవిద్యాలయాల్లో పాఠం చెప్పేవాళ్లు విశ్వవిద్యాలయం గోడల బయట పరిశోధన కట్టుకోవడం అప్పటి విశేషం. అడిగేవాళ్లకూ చెప్పేవాళ్లకూ మధ్య ఉన్న ఎత్తుపల్లాలను కూడా అధ్యయనంలో భాగం చేయడం అప్పుడే మొదలైంది.

ప్రాంతాల మధ్య అసమానతదీ ఇదే దారి. తెలంగాణకు అన్యాయం జరుగుతున్నదని 1969లో ఉస్మానియా విద్యార్థులు రోడ్డెక్కారు. 1973 ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పుట్టింది. అంటే ఆ విశ్వవిద్యాలయమే ఒక అన్యాయపు ఫిర్యాదుకు జవాబు. నీళ్లు, నిధులు, ఉద్యోగాల లెక్కలను ఆచార్య కె. జయశంకర్ దశాబ్దాలపాటు జనం భాషలో చెప్పుకుంటూ వచ్చారు. 1980లో ఏర్పడిన ఆర్థిక సామాజిక అధ్యయనాల కేంద్రం సి.హెచ్. హనుమంతరావు వంటివాళ్ల మార్గదర్శకత్వంలో ప్రాంతీయ వెనుకబాటును అధ్యయనాంశం చేసింది. 1990ల రైతు ఆత్మహత్యలు ఊళ్లను కుదిపేసిన తరువాత, తెలంగాణలో పంట దిగుబడి పెరుగుతూనే చిన్న రైతు బతుకు ఎందుకు చితికిందో వంశీ వకుళాభరణం మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో తన సిద్ధాంత గ్రంథంలో వివరించారు. రైతు ముందు చనిపోయాడు, సిద్ధాంతం తరువాత వచ్చింది. ఈ వరస మారాలని కోరుకోవడం అత్యాశ కాదు.

ఉప్మా తిన్న పిల్లలు

పరిశోధన ఊళ్లో నిలిస్తే ఏం దొరుకుతుందో చెప్పడానికి ఈ జిల్లాలోనే మంచి సాక్ష్యం ఉంది. 1987–90లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నగరానికి ఆగ్నేయంగా ఉన్న 29 గ్రామాల్లో ఒక అధ్యయనం చేసింది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం అప్పటికే అందిన ఊళ్లలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా అంగన్‌వాడీల్లో పెట్టారు. పక్కనున్న ఊళ్లకు పథకం ఇంకా రాలేదు. పుట్టినప్పటి బరువును చూసి అధ్యయనం ముగించారు.

పదిహేనేళ్ల తరువాత లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్‌కు చెందిన సంజయ్ కిన్రా బృందం జాతీయ పోషకాహార సంస్థతో కలిసి ఆ పిల్లలనే వెతుక్కుంటూ వచ్చింది. 13 నుంచి 18 ఏళ్ల మధ్య ఉన్న 1,165 మందిని పరీక్షించి 2008లో ఫలితం చెప్పారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువ. తరువాత వాళ్ల తల్లిదండ్రులు, తోబుట్టువులు కూడా అధ్యయనంలో చేరారు. ఇరవైలలోకి వచ్చేసరికి ఆ ఊళ్ల పిల్లలు చదువులో ముందుండటం, పెళ్లిళ్లు కొంత ఆలస్యం కావడం కూడా మరో బృందం విశ్లేషణలో కనిపించాయి. కట్టెల పొయ్యి పొగ, గాలి కాలుష్యం గుండెకు చేసే చేటును కూడా ఇవే ఊళ్లలో బార్సిలోనా పరిశోధకులు కొలిచారు. తల్లి కడుపులో ఉన్నప్పుడు అందిన ఒక ముద్ద పాతికేళ్ల తరువాత డిగ్రీ పట్టా దాకా తోడొస్తుందంటే, ఆ ముద్ద అందని ఊరికి జరిగింది ఎంత పెద్ద అన్యాయమో అర్థమవుతుంది.

2002లో మొదలై, తరువాత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన యంగ్ లైవ్స్ అధ్యయనం ఇదే దారిని నాలుగు దేశాలకు విస్తరించింది. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఇక్కడ అప్పుడే ఏడాది వయసున్న 2,000 మందినీ, ఎనిమిదేళ్ల వయసున్న 1,000 మందినీ తీసుకుని పెద్దయ్యేదాకా వెంబడించింది. శ్రీకాకుళం నుంచి పాలమూరు దాకా ఉన్న ఆ పిల్లల కథల్లో ఒకటి ప్రతి పాలకుడూ గుర్తుపెట్టుకోవాలి. కరువు దెబ్బకు చిన్నప్పుడు ఎదుగుదల కుంటుపడ్డ పిల్లలు, బడిలో మధ్యాహ్న భోజనం అందాక ఆ నష్టాన్ని పూడ్చుకోగలిగారు. ఆడపిల్లను సర్కారు బడికీ మగపిల్లవాణ్ని ప్రైవేటు బడికీ పంపే వివక్ష కూడా ఇదే లెక్కల్లో బయటపడింది.

ప్రయోగాల కాలం

2005 నుంచి ఇంకో పద్ధతి వచ్చింది. చీటీ వేసినట్టు కొన్ని ఊళ్లకు పథకం ఇచ్చి, కొన్నింటికి ఆపి, తేడాను కొలవడం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన కార్తీక్ మురళీధరన్ బృందం ఉమ్మడి రాష్ట్రంలోని ఐదు జిల్లాల్లో 500 బడుల్లో ఉపాధ్యాయుల ప్రోత్సాహకాలను పరీక్షించింది. వోచర్లతో ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలు తెలుగు, గణితాల్లో సర్కారు బడి పిల్లల కన్నా మెరుగు కాలేదనీ, ప్రైవేటు బడి ఖర్చు మాత్రం అందులో మూడో వంతు కన్నా తక్కువనీ చూపింది. ఉపాధి హామీ కూలి డబ్బును స్మార్ట్‌కార్డు ద్వారా చెల్లిస్తే త్వరగా అందుతున్నదనీ, మధ్యలో కాజేసే సొమ్ము తగ్గుతున్నదనీ 157 మండలాల అధ్యయనంలో తేల్చింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం హైదరాబాద్‌లోని 104 బస్తీల్లో సూక్ష్మరుణాలను పరిశీలించి, అవి పేద ఇంటి దశను మార్చేంత పని చేయలేదని చెప్పింది. ఆ వ్యాసం పత్రికలో పూర్తి రూపంలో వచ్చేసరికి 2015. అప్పుల వేధింపులు తట్టుకోలేక ఊళ్లు గోలపెట్టి, ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది 2010లో.

ఈ ప్రయోగాలు విలువైనవే. ఏ పథకం పనిచేస్తుందో తెలియడం పేదలకు మేలే. కానీ చీటీ వేసి భూమిని పంచలేం, కులాన్ని రద్దు చేయలేం. కొలవడానికి వీలైన ప్రశ్నలే ముందుకు వచ్చేసరికి ఖుస్రో అడిగిన ప్రశ్న, ఇబ్రహీంపట్నం కూలీలు అడిగిన ప్రశ్న వెనక్కి పోయాయి. అవి వెనక్కి పోయినా ఊళ్లో సద్దుమణగలేదు. 2019 నవంబర్ 4న భూమి రికార్డుల తగాదాలో అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దార్ తన కార్యాలయంలోనే సజీవ దహనమయ్యారు. ఆమెను కాపాడబోయిన డ్రైవరూ, దాడి చేసిన వ్యక్తీ కూడా ఆ తరువాత ప్రాణాలు కోల్పోయారు. 2020లో కొత్త భూహక్కుల చట్టం, ధరణి పోర్టల్ వచ్చాయి. 2025లో వాటి స్థానంలో భూభారతి వచ్చింది. చట్టాలు మారే వేగానికి తగ్గట్టు ఒక్కో ఊరి పహాణీని డెబ్బై ఏళ్ల వెనక్కి చదివే పరిశోధన మాత్రం సాగలేదు.

న్యాయం గురించి పరిశోధించే చోటే న్యాయం ఎంతుందన్న ప్రశ్ననూ దాటేయలేం. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ దళిత పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం దేశంలోని ప్రతి విశ్వవిద్యాలయాన్నీ ఆ ప్రశ్న ముందు నిలబెట్టింది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి కుల సర్వే చేపట్టింది. దాన్ని విశ్లేషించే నిపుణుల బృందానికి రంగారెడ్డి జిల్లా ఆకుల మైలారంలో పుట్టిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి నాయకత్వం వహించారు. అసమానతను కులంతో కలిపి కొలవడం పరిశోధనకు తప్పనిసరి అయింది.

ఇక చేయవలసింది

ఔరేపల్లిలో 1975 నాటి ఇంటి లెక్కలున్నాయి. 29 గ్రామాల్లో 1987 నాటి తల్లీబిడ్డల వివరాలున్నాయి. ఇబ్రహీంపట్నంలో భూమి గెలుచుకున్న కూలీల పిల్లలున్నారు. ఇన్ని పాత ఆధారాలు ఒక్కచోట ఉన్న జిల్లా దేశంలో అరుదు. ఇదే జిల్లాలో ఇప్పుడు ఔటర్, ఫార్మా సిటీ, ఫ్యూచర్ సిటీల పేరిట భూమి చేతులు మారుతున్నది. దళితులకు అందిన అసైన్డ్ భూమి ఎకరం ఎవరి చేతికి, ఎంత ధరకు పోతున్నది? కౌలు రైతు పేరు ఏ కాగితంలో ఉంది? ప్లాటు అమ్మగా వచ్చిన డబ్బు ఆ ఇంటి ఆడపిల్ల చదువుకు చేరిందా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఉస్మానియా, హైదరాబాద్ విశ్వవిద్యాలయాలకు కావలసిన పునాది సిద్ధంగా ఉంది. ఇబ్రహీంపట్నం, అబ్దుల్లాపూర్‌మెట్ డిగ్రీ కాలేజీల విద్యార్థులనే క్షేత్ర పరిశోధకులుగా తీసుకుంటే ఆ అధ్యయనం పదేళ్లు కాదు, ముప్పై ఏళ్లు నిలుస్తుంది.

తేలిన ఫలితం మొదట తెలుగులో ఆ ఊరి గ్రామసభ ముందుకు రావాలి, ఆ తరువాతే విదేశీ పత్రికకు పోవాలి. తన గురించి ప్రపంచం ఏం రాసుకుందో ఔరేపల్లి కూలి ఇంటికి తెలియడం పరిశోధకుడు చూపే దయ కాదు, ఆ ఇంటి హక్కు. ఈ నేల జనం తమ ప్రశ్నలను ఇన్నాళ్లూ తామే ముందు అడిగారు. వాళ్ల వెనుక నడవడం చాలించి, వాళ్ల పక్కన నడవడం మన విశ్వవిద్యాలయాలు నేర్చుకోవాలి.